కొయ్య లారీకి కట్టిన గజ్జెలు

మొన్నామధ్య మా మనవరాలు హైదరాబాదులో తాను పనిచేసే కంపెనీకి నన్ను తీసుకువెళ్ళింది. పటాలంలో చేరిన కుర్రవాళ్ళకు లారీ తోలడం నేర్పే యంత్రాలు అక్కడ తయారవుతాయట. చక్రాలు లేవు, ఇంజను లేదు. ఒక చిన్న గదిలో సీటూ, స్టీరింగూ, ఎదురుగా తెరా ఉన్నాయి. తెర మీద కొండదారి కదులుతుంటే సీటు నిజంగానే ఎగిరెగిరి పడుతుంది, తప్పు తిప్పితే యంత్రం కుయ్యిమని కూత పెడుతుంది. తొంభై ఎప్పుడో దాటిన ముసలాయన నోరు తెరుచుకుని చూస్తాడని అందరూ అనుకున్నారు గానీ, నాకు మాత్రం నవ్వు వచ్చింది. ఇలాంటిది మేము ఎప్పుడో చేశామమ్మా అన్నాను. మనవరాలు నా చెయ్యి పట్టుకుని, నీరసం వచ్చిందా తాతా, మంచినీళ్ళు తాగుతావా అని అడిగింది. అందుకే ఇది రాయవలసి వచ్చింది. నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళయినా నమ్ముతారు.

ఆ రోజుల్లో మా మామగారికి వనపర్తిలో బండ్ల కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి, ఒక సావిడి, దాని పక్కన నా కొలిమి, అంతే. ఆయన కొయ్యపని చేస్తే నేను ఇనుపపని చేసేవాణ్ణి. ఇటిక్యాల నుంచి ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి కనుక నా సమ్మెట దెబ్బ కాస్త గట్టిగా పడినా, అత్తవారి మీద కోపమా అని ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవారు. మామకు ఒక్కడే కొడుకు, నా బావమరిది. ఉప్పునుంతల అవతలి అడవి నుంచి మాకు కలప బండి తోలుకొచ్చేవాడు. ఎద్దుల మాట వాడికి తెలుసు, వాడి మాట ఎద్దులకు తెలుసు. అయితే సంస్థానం రాజావారి మోటారు ఒకసారి దుమ్ము రేపుకుంటూ పోవడం చూసిన నాటి నుంచీ వాడికి డ్రైవరు కావాలన్న పిచ్చి పట్టుకుంది. రెండో యుద్ధం వచ్చి పటాలంలోకి డ్రైవర్లను భర్తీ చేసుకుంటున్నారని తెలియగానే పేరిచ్చాడు. ఊరు ఊరంతా దండలు వేసి సాగనంపింది. శిక్షణ మా ఊరి బయటి మైదానంలోనే కావడంతో, సాగనంపిన సాయంత్రమే వాడు అన్నానికి ఇంటికి వచ్చాడు, అది వేరే సంగతి.

శిక్షణకు లారీ అయితే వచ్చింది గానీ పెట్రోలు లేదు. బస్సులు కూడా వెనకాల బొగ్గు డ్రమ్ము కట్టుకుని దగ్గుతూ నడుస్తున్న కాలమది. నేర్పడానికి వచ్చిన ఉత్తరాది జమేదారు, తెలుగు ముక్క రాని మనిషి, ఒకరోజు మా కార్ఖానాకు వచ్చి కదలని లారీ ఒకటి చేసిపెట్టమని సైగలతో అడిగాడు. మామ నెత్తి గోక్కుని, "నడ్వని బండి చేసుడు మా ఇంటా వంటా లేదు సాబ్" అన్నాడు. అన్నాడే గానీ ఆ సాయంత్రమే మైదానానికి పోయి, నిజం లారీ కిందికి దూరి, ఏది ఎక్కడుందో తడిమి తడిమి చూసి వచ్చాడు. జమేదారు చెబుతూ, మామ చెక్కుతూ, నేను సాగగొడుతూ దాన్ని తయారు చేశాము. తుమ్మకర్రను వంచి స్టీరింగు చేశాము, తొక్కిన క్లచ్చి మళ్ళీ పైకి లేవడానికి కింద వెదురు బద్ద బిగించాము, బ్రేకు తొక్కితే, పక్కన ఒకడు తిప్పుతుండే బండి చక్రానికి దిమ్మె ఒరిసి కీచుమనేది. దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టినప్పుడు జమేదారు కూడా బూట్లు విప్పి నిలబడ్డాడు.

అసలు చిక్కు తరువాత వచ్చింది. ఆయన "దాయే" అంటే కుడి, "బాయే" అంటే ఎడమ. శిక్షణకు వచ్చిన మా ఊరి కుర్రవాళ్ళేమో పుట్టిన దగ్గర్నుంచి ఎద్దుల వెనక పెరిగినవాళ్ళు. కాడికి ఎడమవైపు కట్టేది దాపట ఎద్దు, కుడివైపు కట్టేది ఎలపట ఎద్దు. ఆయన "దాయే" అని అరవగానే దాపట గుర్తొచ్చి అందరూ ఎడమకు తిప్పేవారు. "బాయే" అంటే ఒకడు ఏకంగా బాయి, అంటే బావి, ఎక్కడున్నదని తొంగి చూశాడు. మిగతావాళ్ళు నెమ్మదిగా దారికి వచ్చినా మా బావమరిది రాలేదు. ఎద్దులతో ఎంత చనువుంటే అంత గట్టిగా పొరపాటు పడుతుంది కదా! ఇక తెల్లదొర పరీక్ష చేస్తాడు, అందులో తప్పితే ఇంటికి పంపేస్తాడు అని జమేదారు చెప్పేశాడు. వాడు ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "దండలేసిన ఊర్ల గీ మొకం పెట్టుకొని ఎట్ల తిరుగుత బావా" అని ఏడ్చాడు. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మామ మరునాడు పొద్దున్నే కొట్టంలోకి పోయి దాపట ఎద్దు మెడలో గంట, ఎలపట ఎద్దు మెడలో గజ్జెలు విప్పుకొచ్చాడు. నా చేత రెండు తీగలు లాగించి, స్టీరింగు ఎడమకు తిరిగితే గంట, కుడికి తిరిగితే గజ్జెలు మోగేలా కట్టించాడు. "వానికి మాట చెవుల వడ్తలేదు గని సప్పుడు వడ్తది, సూడు" అన్నాడు. జమేదారు చూసి పగలబడి నవ్వాడు, నవ్వి తనే పక్కన కూర్చుని "దాయే" అని అరవడం, గజ్జెలు మోగేదాకా ఊరుకోకపోవడం మొదలుపెట్టాడు. మా వాడి చేతికి కుడీ ఎడమా అన్న మాటలతో పనే లేకుండా పోయింది.

పరీక్ష నాడు దాచిపెట్టిన పెట్రోలు పోసి నిజం లారీ తీశారు. గోపాల్‌పేట దారి చీలే చోట ఎడమ బాట తిన్నగా గట్టు లేని మోటబావి మీదికి పోతుంది. మామా నేనూ అక్కడే నిలబడ్డాము. లారీ ఉరికి వస్తోంది, దొర "దాయే" అన్నాడు, మామ నా భుజం పట్టుకున్న పట్టు ఇప్పటికీ నాకు నొప్పిగానే ఉంది. ముందు చక్రం క్షణం పాటు తటపటాయించినట్టే కనబడి, చక్కగా కుడికి తిరిగింది. లారీ దిగి పరుగున వచ్చి, "నాయనా, చెవుల గజ్జెలు మోగినయే" అన్నాడు వాడు. ఎన్నడూ కంటతడి పెట్టని మామ తలపాగా కొసతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత వచ్చిన జట్లు కూడా ఆ గజ్జెల మీదే నేర్చుకున్నాయి. యుద్ధం ముగిశాక బావమరిది క్షేమంగా తిరిగివచ్చి, ముసలితనం దాకా బస్సు తోలాడు. వాడి బస్సులో కూర్చున్న ప్రతిసారీ, దీని వెనక నా సమ్మెట దెబ్బ కూడా ఉందని నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఇదంతా దారి పొడవునా చెబితే మనవరాలు మురిసిపోతూ విన్నది. ఇల్లు చేరాక కాస్త సంకోచిస్తూ, "తాతా, దాపట అంటే ఏంటి?" అని అడిగింది. చూపిద్దామని అరుగు మీదికి వచ్చాను. వీధిలో కార్లు ఉన్నాయి, ఒక ట్రాక్టరు ఉంది, కాడి కట్టిన ఎద్దులు ఎక్కడ దొరుకుతాయి? చివరికి నా ఎడమ చెయ్యి ఎత్తి చూపించాను. "ఓ, లెఫ్టా!" అంది. అవునమ్మా, లెఫ్టే. మా మనవరాలి యంత్రం మీద నేర్చుకునే పిల్లలు ఆ పొరపాటు ఎన్నటికీ చెయ్యరు, అది మంచిదే, నాకు సంతోషమే. కాకపోతే ఆ పొరపాటు చెయ్యగలిగిన వాళ్ళలో ఇక నేనొక్కణ్ణే మిగిలానేమో అనిపించి, ఆ పూట నాకు అన్నం సయించలేదు.