పడవ వెనక గొంతు సవరించుకున్నదెవరు?

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వొచ్చేది. పాలకొల్లులో మాకు బట్టల కొట్టు. గజం గుడ్డైనా చేత్తో పట్టుకుని చూడందే నమ్మని మనిషిని. అందుకే ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

మావారు పోయిన రోజు ఆస్పత్రి వరండాలో మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "జబ్బు సంగతి అన్నయ్యకి ఏడాది కిందటే తెలుసు వదినా. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు" అంది.

ఏడాది! పొద్దున్న షట్టరెత్తింది మొదలు రాత్రి దించేదాకా ఒకే కొట్లో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. మందులు గ్యాస్‌కని చెప్పారు, నమ్మాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. పరాయివాడు మోసం చేసినా అంత బాధపడేదాన్ని కాదేమో.

అస్థికలు కలపడానికి అంతర్వేది వెళ్ళాం, గోదావరి సముద్రంలో కలిసే చోటికి. పడవలో నేను, ఆడపడుచు, మరిది, పడవ నడిపే అతను. మాకు పిల్లల్లేరు, కర్మ మరిదే చేశాడు. కలిపాక ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదని పంతులుగారు ఒడ్డునే గట్టిగా చెప్పి పంపారు.

మిట్టమధ్యాహ్నం. ఇంజను ఆపారు. మరిది కుండ నీళ్ళలో వదిలాడు. పడవతను తెడ్డుతో పడవని ఒడ్డువైపు తిప్పాడు.

అప్పుడు వెనక నీళ్ళ మీదనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పేముందు మావారు సరిగ్గా అలాగే సవరించుకునేవారు.

మరిది ఉలిక్కిపడి తిరిగాడు. "అన్నయ్యా!" అంటూ ఆడపడుచు తిరిగింది. మావారిని ఏనాడూ చూడని పడవతను కూడా తిరిగాడు. "ఎవరండీ అది? దగ్గర్లో వేరే పడవేదీ లేదు కదండీ" అన్నాడు.

"నీకేదో చెప్పాలనుకుంటున్నాడు వదినా, ఒక్కసారి చూడు" అని ఆడపడుచు నా భుజం పట్టుకుని కుదిపింది.

నేను తిరగలేదు. పంతులుగారి మాట మీద భక్తితో కాదు, కోపంతో.

"చెప్పడానికి ఆయనకి ఏడాది టైముంది" అన్నాను. ఆ మాట పైకి అన్నాకే ఏడుపొచ్చింది. ఒడ్డు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇంకే చప్పుడూ రాలేదు.

ఏదో నీటిపక్షి అయి ఉంటుందని మరిది ఇప్పుడంటాడు. పక్షుల అరుపులు తనకి తెలియనివి కావని పడవతను ఆ రోజే అన్నాడు. నాకైతే ఇంతవరకూ అంతు చిక్కలేదు.

వీలైనప్పుడల్లా ఆ ఒడ్డుకి వెళ్తుంటాను. కోపం చాలావరకు పోయింది. సముద్రంవైపే తిరిగి కూర్చుంటాను. ఇప్పుడు చెబితే వింటాను. ఆయనే చెప్పరు.