ఈల వేయని ఓబులయ్య

మా మార్కాపురం తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండిన రోజులవి. రాష్ట్రం కొత్తది, పోలీసు చేతిలోని లాఠీ మాత్రం పాతదే. పొద్దు వాలాక దీపం లేకుండా వచ్చే ఎద్దుల బండ్లను కంభం రోడ్డు మీద ఆపేవారు. ఆపడమంటే ముందు ఈల, తరువాత దెబ్బ, ఆ తరువాతే ప్రశ్న. దీనికి శాంతిభద్రతలని పేరు పెట్టినవారిని నేను ఈనాటికీ క్షమించలేను.

హెడ్ కానిస్టేబుల్ ఓబులయ్య ఒక్కడే ఈల వేసేవాడు కాదు. పశువులు కాచిన ఇంట పుట్టినవాడు. బండికి పక్కగా నడిచి, కాడి మీద చెయ్యి వేసి, "మామా, ఎద్దులు అలిసినట్టుండాయే, రవ్వంతసేపు నిలబెట్టు" అనేవాడు. బండి నిలిచాకే దీపం మాట ఎత్తేవాడు.

"బండి ఆపుతాండావా, పెండ్లికి పిలుస్తాండావా?" అని తోటివారు ఎగతాళి చేసేవారు.

ఒక సాయంత్రం, కొత్తగా వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రకాశరావు దీపం లేకుండా బడిపిల్లల పలకలు మోసుకొస్తున్న బండికి ఎదురుగా నిలిచి గట్టిగా ఈల వేశాడు. ఎద్దులు బెదిరి పరుగెత్తాయి. బండి తోలే నాగయ్య లేచి నిలబడి పగ్గాలు బిగబట్టాడు. చేతిలోని చర్నాకోల పైకి లేచింది. ఎలాగో బండి నిలిచేసరికి ప్రకాశరావు వచ్చి అతన్ని కిందికి లాగాడు.

"పారిపోతావా? నా మీదికే కొరడా ఎత్తుతావా?"

లాఠీ లేచింది. వెనక బండ్లవాళ్లు ముల్లుకర్రలతో దిగారు. ఒక్క దెబ్బ పడితే నాగయ్య తలతో ఆగేది కాదు.

ఓబులయ్య తన లాఠీ పక్కన పారేసి, ఇద్దరి నడుమ దూరి, వణుకుతున్న ఎద్దు ముక్కుతాడు పట్టాడు.

"నాగయ్య మామా, తగువు తర్వాత. ఇది మళ్ల దూకిందంటే అందరం చక్రాల కిందికే. ఆ పక్కది నువ్వు పట్టు."

నాగయ్య చర్నాకోల వదిలి రెండో ఎద్దును పట్టుకున్నాడు.

"పారిపోయింది మనిషి గాదయ్యా, ఎద్దు. మన టోపీ హోదా దానికేం తెలుస్తాది?" అన్నాడు ఓబులయ్య ప్రకాశరావు వైపు తిరిగి.

"ఎద్దునే జైల్లో పెట్టండి సారూ, గడ్డి మీరే వేయాల!" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. లాఠీ ఎవరికీ తగలకుండానే దిగింది. దీపం లేనందుకు నాగయ్య మీద కేసు రాశారు, అది న్యాయమే.

న్యాయం కానిది తరువాత జరిగింది. విధుల్లో ఉండి లాఠీ పారేసినందుకు ఓబులయ్యను సంజాయిషీ అడిగారు. ఆ మెమో నకలు నా వద్ద ఉంది. ఆయన జవాబు ఒకే వాక్యం: "లాఠీ చేతనుండగా ముక్కుతాడు పట్టుటకు వీలు గాదు." దొనకొండకు బదిలీ చేశారు. తలలు పగలకుండా కాచినవాడికి శిక్ష! అయినా ఆ రోడ్డు మీద బండి ఎదుట ఈల మళ్లీ వినిపించలేదు.

ఆయన పెట్టెను రైలు స్టేషనుకు చేర్చింది నాగయ్య బండే. మిట్టమధ్యాహ్నం బండి కింద లాంతరు వెలుగుతోంది.

"పగటేల దీపమేంది మామా?"

"నువ్వెక్కిన బండి గదా అల్లుడా, ఎవురూ ఆపగూడదని."