ముందు గదిలో కూసిన పిట్ట

చలికాలం పొద్దున్న మా చోడవరంలో మంచు లేవడానికి బద్ధకిస్తుంది. బెల్లం వండే రోజుల్లో ఆ మంచుకు కూడా తీపి వాసన ఉంటుంది. చీడికాడ నుంచి వచ్చే మొదటి బస్సుకి ముందు దీపాలు కనిపించేవి, కాసేపటికి గానీ బస్సు కనిపించేది కాదు. అందులోంచి దిగిన ఆడపిల్లలు తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని మా అరుగు మీద కూర్చునేవారు. లోపల గదిలో ఒక మెషీను నిద్ర లేవాలి. అది లేచేదాకా వాళ్ళకు పాఠం లేదు.

ఆ గది మా మావ బతికుండగా ఎరువు బస్తాల కోసం ఇంటికి ముందు విడిగా కట్టించినది. దానికి మీటరు వేరు, మెయిను స్విచ్చి వేరు. నేను ఐదో తరగతితో ఆగిపోయాను గానీ నా తమ్ముడు డిగ్రీ దాకా చదివాడు. విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి కుదిరాడు. రాత్రి డ్యూటీలు వాడికి పడలేదు. పండక్కి వచ్చినా కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడేవి. అక్కడుండగానే కంప్యూటర్ నేర్చుకుని, ఆ పని మానేసి వచ్చి, మా అత్తను అడిగి ఆ గదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాడు. ఉండడం మాత్రం మా పుట్టింట్లోనే, కె.కోటపాడులో. పొద్దున్న బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు.

గోడ వారగా చిన్న మెషీన్లు, మూల ఒక పెద్దది. పెద్దదాన్ని సర్వర్ అనేవాడు.

"సిన్నవాటిల్లో ఏటీ ఉండదప్పా. వంటంతా పెద్దదాన్లోనే. అది వండి తీగలంట వడ్డిస్తాది, ఇవి తింటాయి," అని నాకు చెప్పాడు. అక్కను మేం అప్పా అనే పిలుస్తాం.

నాకు అర్థమైంది. పొయ్యి రాజుకోకపోతే పంక్తంతా ఖాళీ ఆకుల ముందు కూర్చోవలసిందే.

మొదట్లో సాయంత్రం వెళ్తూ వెళ్తూ సర్వర్‌ను తనే పడుకోబెట్టి వెళ్ళేవాడు. పొద్దున్న చటుక్కున లేచేది. తరవాత ఎప్పుడో, దాన్ని అమ్మినవాళ్ళు సర్వర్‌ను రోజూ ఆపకూడదని చెప్పారట. అప్పటినుంచి తెర ఒక్కటి ఆర్పి, దాన్ని అలాగే నడవనిచ్చి బస్సుకి పరిగెత్తేవాడు. కానీ పొద్దున్న తలుపు తీసేసరికి అది ఆగిపోయి ఉండేది. "రాత్రి కరెంటు పోయినట్టుంది," అనుకునేవాడు. మా ఊళ్ళో కరెంటు పోవడం ఎవరికీ వింత కాదు. మళ్ళీ స్విచ్చి వేస్తే తెర మీద తెల్లటి అక్షరాల వరస ఒకటి వచ్చి ఆగేది. ఆగి ఆగి ఇంకో వరస. మంచు కరిగి, ఎండ అరుగెక్కి, పిల్లలు తువ్వాళ్ళు విప్పేసినా ఆ అక్షరాలు అలా ఒక్కొక్క వరసే దిగుతుండేవి. నేను గుమ్మంలో చీపురు పట్టుకుని వాటినే చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఇంగ్లీషు చదవడం రాకపోయినా చూడబుద్ధయ్యేది, వానకు చూరు కారుతుంటే చూసినట్టు.

మా అత్త ఊరుకుంటుందా?

"ఏటి బాబూ, నీ మెషీను ఇంకా లెగలేదేటి? మీ మావ కూడా అంతే. కాఫీ వాసన తగిల్తే గానీ లెగీవోడు కాడు. కాసింత కాఫీ సూపించు దానికి."

"సూపిస్తానత్తా. ముందు నాకియ్యి," అనేవాడు వాడు, చూపు తెర మీద నుంచి తిప్పకుండా.

నవ్వేవాడు గానీ లోపల కుదురు లేదు. ఆ పిల్లలు గంటసేపు నేర్చుకుని కాలేజీకి పోవాలి. ఆ గంటా అరుగు మీదే అయిపోతోంది. ఒక పిల్ల తండ్రి వచ్చి, "అరుగు మీద కూకోడానికేటి మా గుంట అంత సలిలో బస్సెక్కేది? నెలాకరి దాకా సూస్తాం. తరవాత అనకాపల్లిలో సేర్పించుకుంటాం," అని మొహం మీదే చెప్పి వెళ్ళాడు. పొద్దుటి బ్యాచ్ మీదే సెంటర్ నిలబడింది.

"ఈళ్ళు పోతే మళ్ళీ రాత్రి డ్యూటీలేనప్పా," అన్నాడు తమ్ముడు. అన్నం కలుపుతున్న చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

వాడు చెయ్యని పని లేదు. తీగల కొసలు కోసి కొత్తవి బిగించాడు. చిన్న మెషీన్లను ఒక్కొక్కటే విడదీసి చూశాడు. సర్వర్ మూత తీసి, లోపలి పచ్చ అట్టముక్కల్లాంటివి ఊడదీసి, పిల్లల రబ్బరుతో వాటి అంచులు రుద్దాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన మెకానిక్ ఒకసారి డిస్కు పాతదన్నాడు, ఇంకోసారి బ్యాటరీ పెద్దది పెట్టమన్నాడు. కరెంటు పోతే కాసేపు ఆదుకునే పెట్టె ఒకటి ఉంటుంది కదా, దానికి పెద్ద బ్యాటరీ తెచ్చి పెట్టాడు. అత్త నిమ్మకాయ కోసి దిష్టి తీసింది. సర్వర్ మాత్రం తన మానాన తను లేచేది.

ఆ రోజుల్లోనే నాకొక పిట్ట అలవాటైంది. దీపాలవేళ పెరటి వంటింట్లో నేను పప్పు ఎనుపుతూ ఉంటే వీధివైపు నుంచి కూసేది. కీక్... కీక్... కీక్... పిలుపూ పిలుపూ మధ్య ఎడం మారేది కాదు. కూసి కూసి ఒక్కసారిగా ఆగిపోయేది. ముందు గది చూరులో గూడు కట్టుకుందనుకున్నాను. పొగలో కళ్ళు మూసుకుని వింటుంటే ఎక్కడో తప్పిపోయిన కోడిపిల్లలా ఉండేది. ఈ మధ్య కొంచెం ఎక్కువసేపు కూస్తోందని కూడా అనుకున్నాను. పగలు కరెంటు పోతే ఆ గదిలో పిల్లల గోల తప్ప ఏ కూతా నాదాకా వచ్చేది కాదు.

ఇంతలో దేవరాపల్లిలో మా ఆడబడుచు నీళ్ళాడిందని అత్త వెళ్ళింది. వెళ్ళిన మర్నాడు పొద్దున్న తమ్ముడు గది తలుపు తీసి కేకేశాడు.

"అప్పా! నడస్తంది! ఆగనేలేదు!"

పిల్లలు బస్సు దిగి నేరుగా లోపలికెళ్ళి కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. అత్త పసిపాప ముచ్చట్లు మూట కట్టుకుని తిరిగొచ్చింది. ఆ మర్నాటి నుంచి మళ్ళీ తెల్లటి అక్షరాలే. అరుగు మీది పిల్లల్లో ఒకతె నవ్వుతూ, "మామ్మగారు ఇంకో పది రోజులు ఉండాల్సింది," అంది. అత్త అప్పుడే కళ్ళాపి చల్లుతోంది.

"అయితే నా నీడ దానికి పడదేటే?" అంది. ఆవిడా నవ్వింది గానీ ఆ పూట కాఫీ సగమే తాగింది.

ఆ సాయంత్రం తమ్ముడు సంచీ సర్దుకుంటుంటే ఊరికే అన్నాను. "అత్త ఎల్లాక నాకు తోచనేలేదురా. పిట్ట కూడా కుయ్యలేదు."

"ఏ పిట్టప్పా?"

"అదేరా, నీ గది సూరులో ఉంటాది. దీపాలు పెట్టగానే కూస్తాది. కీక్, కీక్ అనీసి..."

వాడు సంచీ కింద పెట్టేశాడు. "అత్త లేనప్పుడు కుయ్యలేదా?"

"లేదురా. మళ్ళీ నిన్న కూసింది."

బస్సు హారన్ కొట్టింది. వాడు కదల్లేదు. పెరట్లో నా పక్కనే పీట మీద కూర్చున్నాడు. అత్త తులసి దగ్గర దీపం పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వీధివైపు నడిచింది. కాసేపటికి పిట్ట కూసింది. ఇద్దరం వెళ్ళాం. ముందు గది అరుగు మీద, దించిన మెయిను పక్కనే అత్త నిలబడి ఉంది. తలుపు వెనక, చీకట్లో, బ్యాటరీ పెట్టె కీక్, కీక్ అని అరుస్తోంది.

నేను కాపరానికి వచ్చినప్పటినుంచీ దీపం పెట్టాక అత్త ఆ మెయిను దించుతూనే ఉంది, కళ్ళాపికి లేచినప్పుడు ఎత్తుతూనే ఉంది. రోజూ చూసేది ఇంక కంటికి ఆనదు.

"ఎందుకత్తా దించీసేవు?" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"ఎందుకేటి బాబూ? మనిషి లేని గదిలో కరెంటెందుకు? మా కన్నోరిది తాటాకిల్లు. కరెంటొచ్చిన కొత్త. అందరం పొలంలో ఉండగా సూరు కింద తీగలోంచి నిప్పు రాలీసింది. ఒచ్చీసరికి గోడలే మిగిలేయి. అప్పట్నించి దీపం ఎట్టగానే నా సెయ్యి ఇక్కడికే వస్తాది." ఆగి, వాడి మొహంలోకి చూసింది. "ఏటి, నా వల్లేనేటి?"

"నీ వల్ల కాదత్తా. దానికి సెప్పకుండా సీకటైపోతంది. లెగిసేక ఏటేటి పోయిందోనని లోపలున్నవన్నీ తడుముకుంటాది. అందుకే ఆలీసం."

"అయ్యో, నా తల్లీ," అంది అత్త, మూసిన తలుపును చూస్తూ.

ఇంక దించనులే అని తనే అంది. మర్నాడు దించలేదు. మాకు అన్నాలు పెట్టింది, తను ముద్ద ఎత్తలేదు. తెల్లవారి లేచి చూస్తే మంచులో, ముందు గది తలుపుకు వీపు ఆనించి, దుప్పటి కప్పుకుని చాప మీద కూర్చుని కాపలా కాస్తోంది. కోటపాడు బస్సు దిగి వచ్చిన తమ్ముడు అరుగు ముందే ఆగిపోయాడు. చెప్పులు విడిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేవదీశాడు.

"వద్దత్తా. మెయిను దించడం నీ పని. అమ్మినోళ్ళు ఏటన్నా అననీ, దాన్ని ముందు పడుకోబెట్టడం మా పని," అన్నాడు.

సాయంత్రం బ్యాచ్ వదిలాక వాడికి బస్సు అందాలంటే పరుగే. అందుకని ఆ పని నాకు నేర్పాడు. సర్వర్ ముందు కూర్చోబెట్టి, కొట్టాల్సిన అక్షరాల మీద పసుపుతో చుక్కలు పెట్టాడు. "మెల్లగా కొట్టప్పా, కరవదు," అన్నాడు. ఒక్కో చుక్కా వెతుక్కుంటూ కొట్టాను. అక్షరాలు తెర మీద పడ్డాయి. సర్వర్ ఏదో నాలుగు మాటలు చెప్పుకుని, మూలిగి, చల్లబడింది.

అత్త బయట మెయిను మీద చెయ్యి వేసి నిలబడింది. "పడుకున్నాదేటే?"

"పడుకుందత్తా. దించీ."

దించింది. నేను చెవి ఒగ్గాను. వీధిలో చెరుకు బండి గంటలు వెళ్ళిపోయాయి. పిట్ట కుయ్యలేదు.

మర్నాడు మంచు ఇంకా నేల విడవలేదు. అత్త మెయిను ఎత్తింది, తమ్ముడు స్విచ్చి వేశాడు, నేను వాడి భుజం మీంచి తొంగి చూశాను. తెల్లటి అక్షరాలు గబగబా జారిపోయాయి. ఒక్క వరస దగ్గరా ఆగలేదు. బయట బస్సు ఆగిన చప్పుడైంది. ఆడపిల్లలు అలవాటుగా అరుగు మీద క్యారియర్లు పెట్టుకుంటుంటే వాడు గుమ్మంలోకి వచ్చి, "కూకోకండి, లోపలికి రండి," అన్నాడు. నెలాఖరుకు ఒక్క పిల్లా అనకాపల్లి వెళ్ళలేదు.

అరుగు ఖాళీ అయింది. అత్త కళ్ళాపి తపేలా పట్టుకుని లోపలి టకటకల్ని కాసేపు వింది.

"అయితే నేను మళ్ళీ దేవరాపల్లి ఎల్లక్కర్లేదన్నమాట," అని ముగ్గుకు కూర్చుంది.