కేస్‌షీటులో నేను రాయని మాట

కరోనాకు ముందరి ఏడాది. తెనాలిలో ఒక మానసిక వైద్యుడి క్లినిక్‌లో నర్సుగా నాకు అప్పటికి తొమ్మిదేళ్ల అనుభవం. రేపల్లె, బాపట్ల, కొల్లిపర వైపు నుంచి మొదటి బస్సుకే జనం వచ్చి వరండా నిండిపోయేది. డాక్టరుగారికి ఊపిరి సలిపేది కాదు. అందుకని పేషెంటు లోపలికి వెళ్లే ముందు నేను మాట్లాడి, మనిషి ఎలా ఉన్నదీ కేస్‌షీటులో రెండు వాక్యాలు రాసేదాన్ని. ఆయన ముందు అవే చదివేవారు. ఆ రెండు వాక్యాలంటే నాకు మహా గర్వం. మనిషి గుమ్మం దాటుతుండగానే సంగతేమిటో చెప్పేయగలనని అందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని.

సుబ్బారావుగారు బాపట్ల దగ్గరి పల్లెలో చీరలు నేసే మనిషి. ఆయనకు స్కిజోఫ్రీనియా. ఎదుట ఎవరూ లేకపోయినా మాటలు వినిపించేవి, అయినవాళ్ల మీదే అనుమానాలు కలిగేవి. మందు మొదలుపెట్టిన మూడు వారాలకు భార్య నాగమణి ఆయన్ని మళ్లీ తీసుకొచ్చింది. ఆయన బెంచీ మీద కూర్చున్నట్టే కూర్చుని లేచిపోతున్నారు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే నడక.

"బాబాయ్, కాస్త కుదురుగా కూర్చోండి. అందరికీ ఇబ్బందిగా ఉంది," అన్నాను.

"కూర్చోలేకపోతన్నానమ్మా. కాళ్లల్లో ఏదో పీకేస్తంది. నడిస్తే కాస్త నయంగా ఉంటంది."

నాగమణి అందుకుంది. "మాటలు వినపడటం తగ్గిందంటండి. అన్నం తింటన్నాడు. కానీ మగ్గం గుంటలో పది నిమిషాలు కూర్చోలేకపోతన్నాడు. మందు మొదలెట్టిన కాడ్నించే ఇట్టా ఉందండి."

అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? నేను మాత్రం, "జబ్బు తగ్గకపోతే అలాగే ఉంటుంది. మాత్రలు సరిగా వేస్తున్నావా అసలు?" అని కసిరాను. ఆమె అదే మాట మళ్లీ చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి ఆపేశాను. 'ఆందోళన పెరిగింది, జబ్బు తగ్గినట్టు లేదు' అని రాసి పంపాను. ఆ రద్దీలో డాక్టరుగారు అది చదివే మోతాదు పెంచారు.

ఆయన నాలుగు రోజులు భరించి మందు మానేశారు. మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఆ మాటలు చెప్పాయని మగ్గం మీద సగం నేసిన చీరను పడుగు దారాలతో సహా కోసేశారు. అడ్డుపోయిన నాగమణి అరచెయ్యి తెగింది. ఆ కట్టుతోనే ఆయన్ని పట్టుకుని మళ్లీ వచ్చింది.

ఈసారి డాక్టరుగారు అంతా మొదటి నుంచీ అడిగి, అది అకథీషియా అన్నారు. అంటే మందు వల్ల వచ్చే కుదురులేనితనం. ఈ మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. ఒకచోట దాని జోరు తగ్గితే వినిపించే మాటలు తగ్గుతాయి. కానీ కాళ్లూ చేతులూ కదిలించే భాగాలకూ ఆ డోపమైనే కావాలి. అక్కడ కూడా అడ్డుపడితే కొందరికి వణుకు వస్తుంది, కొందరు బిగుసుకుపోతారు, కొందరు ఇలా కూర్చోలేరు. మోతాదు పెంచితే ఆ బాధ ఇంకా ఎక్కువవుతుంది. నేను చదివి పరీక్ష రాసిన పాఠమే ఇది.

"ఈ సంగతి కిందటిసారే చెప్పాల్సింది కదమ్మా," అన్నారు డాక్టరుగారు నాగమణితో.

నాగమణి ఒక్క క్షణం నా వంక చూసింది. "మాకే చెప్పడం తెలవలేదండి," అంది.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. వాళ్లు నాకు చెప్పారన్న సంగతి ఆ రోజే కాదు, తర్వాత కూడా డాక్టరుగారికి చెప్పలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంది.

మందు మార్చాక సుబ్బారావుగారు మెల్లగా కుదుటపడ్డారు. మళ్లీ మగ్గం గుంటలో కూర్చోవడానికి నాలుగు నెలలు పట్టింది. కిందటేడు మాత్రల కోసం నాగమణి ఒక్కతే వస్తే, పక్కకు పిలిచి తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"తెలుసమ్మా. మీకు చెప్పాం గదా."

"మరి ఆ రోజు ఎందుకలా అన్నారు?"

"మీ మీద చెప్తే మళ్లీ వచ్చినప్పుడు లోపలికి పంపరేమోనని భయమేసింది," అంది, మాత్రల కవరు సంచిలో పెట్టుకుంటూ.

వరండాలో జనం నాతో వినయంగా మాట్లాడుతుంటే అది గౌరవమనుకున్నాను అన్నేళ్లూ. ఇప్పుడు కేస్‌షీటులో రాసింది వాళ్లకే చదివి వినిపించి, తప్పుంటే చెప్పమంటున్నాను. చాలామంది "అంతా సరిగ్గానే ఉందండి" అంటారు. నేను నమ్మను. పెన్ను పక్కన పెట్టి మళ్లీ అడుగుతాను.