ఎనిమిదో నెలలో అద్దె ఇల్లు

బెజవాడలో రైలెక్కి నిజాం రాజ్యంలో దిగడం ఇప్పటి పిల్లలకి ఓ ప్రయాణంలా కూడా కనిపించదు. నలభైల్లో మాకది పరదేశమే. సరిహద్దు స్టేషన్లో సుంకం వాళ్ళు నా ట్రంకుపెట్టె బోర్లించి, కట్టని చీరలన్నీ విప్పి చూశారు. దిగాక మన రూపాయి ఇచ్చి వాళ్ళ సిక్కా తీసుకోవాలి. మాట్లాడేది తెలుగే అయినా, మేము నోరు విప్పగానే ఏ ఊరని అడిగేవారు.

మా ఆయనకి శంషాబాదులో ఆముదం మిల్లులో గుమాస్తా పని దొరికింది. ఇల్లు కుదిరేదాకా గోదాములో ఓ మూల ఉండమన్నారు. చుట్టూ బస్తాలు, ఎలుకలు, తలనొప్పి పుట్టించే ఆ వాసన. నాకప్పుడు ఎనిమిదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, కానీ మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అత్తవారింట్లోనూ ఆడదిక్కు లేదు. బస్తాల మధ్య కనకుండా ఉండాలంటే ఎలాగైనా ఓ గది దొరకాలి.

రోజూ మిల్లు మూశాక బయల్దేరేవాళ్ళం. మా ఆయన ముందు చకచకా, నేను వెనక ఆయాసపడుతూ. కొందరు బయటి రాజ్యం వాళ్ళకి ఇచ్చేది లేదన్నారు. ఇస్తామన్న ఇళ్ళల్లో ఆడవాళ్ళు బయటికి వచ్చి ముందు నా కడుపు చూసేవాళ్ళు. కొంగు ఎంత కప్పుకుంటే మాత్రం దాగుతుందా అది?

"ఇల్లున్నది గని, పురుడు మా ఇంట్ల వద్దమ్మా" అనేవాళ్ళు. పరాయివాళ్ళ పురిటి మైల ఇంటికి పట్టకూడదని వాళ్ళ పట్టుదల. మావైపూ అంతేననుకోండి, అయినా నాకు ఒళ్ళు మండేది.

"రేపు తప్పకుండా దొరుకుతుంది" అనేవారు మా ఆయన. ఆ మాట వింటే ఇంకా మండేది. నా కాళ్ళు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. రేపు కూడా నడవాలంటే ఏడుపొచ్చేది.

అలా తిరుగుతూ ఒక రైతుల ఇంటికి వెళ్ళాం. ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మా ఆయన అడిగితే ఆయన్ని వదిలేసి నన్ను చూసింది.

"తల్లిగారింటికి పోలేదా బిడ్డా?"

"అమ్మ లేదండీ."

"కిరాయికొచ్చినోళ్ల పురుడు మా ఇంట్ల ఎన్నడు పొయ్యలే. మా అత్త ఉన్నప్పటి సంది గంతే" అని లేచి లోపలికి వెళ్ళింది.

అయిపోయిందనుకున్నాం. కాసేపటికి కోడలితో పీట పట్టించుకుని వచ్చింది. "జర కూసో" అని నన్ను తూర్పుమొహంగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, రవికెగుడ్డ ఇచ్చింది. కొంగు పట్టమని దోసిళ్ళతో పసుపు కలిపిన బియ్యం పోసింది.

మావైపు ఇంటికొచ్చిన ముత్తైదువకి బొట్టు పెట్టి రవికెగుడ్డ చేతిలో పెట్టారంటే, ఇక వెళ్ళిరమ్మని. బియ్యం కూడా పోసిందంటే జాలిపడిందనుకున్నాను. మర్యాదగా ఇల్లు లేదన్నారు, అంతే కదా. "వస్తామండీ" అని మోకాళ్ళు పట్టుకుని లేచాను. కళ్ళనీళ్ళు కనబడకుండా తల వంచుకుని వీధిలోకి నడిచాను.

"ఏందమ్మా, ఒడిబియ్యం కట్టుకొని యాడికి పోతున్నవ్?"

వెనక్కి తిరిగాను. "మిల్లుకండీ."

"గా బియ్యం ఎవరికి పోస్తరో ఎరుకేనా నీకు? ఇంటి ఆడిబిడ్డకు, కన్నబిడ్డకు పోస్తం. కిరాయిదాని పురుడు మా ఇంట్ల పొయ్యం. బిడ్డ పురుడు పొయ్యకుంటె ఎట్ల?" మా ఆయన వైపు తిరిగింది. "నువ్వు పొయ్యి సామాను తే, అల్లుడా."

ఏడ్చాను. సంతోషంతో కాదు, ఇంక నడవక్కర్లేదన్న నీరసంతో. అరుగు మీద కూలబడి, కొంగు మూట గట్టిగా పట్టుకుని, గోడకి తల ఆనించాను. మా ఆయన సామానుతో వచ్చేసరికి అలాగే నిద్రపోయి ఉన్నానట. ఎవరూ లేపలేదు.

మా పెద్దమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. తర్వాతెప్పుడో బెజవాడ వెళ్తే, తొలికాన్పు ఎక్కడయిందని చుట్టాలు అడిగారు.

"పుట్టింట్లో" అన్నాను.

మా అమ్మ పోయిన సంగతి తెలిసినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.