గ్లౌజులతో పెట్టిన దండం

రోజూ పొద్దున్నే పూతగదిలోకి వెళ్ళేముందు ఆమె చేతులు మోచేతుల దాకా కడుక్కునేది. తుడుచుకున్నాక, గ్లౌజులు వేసుకోకముందే, రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకునేది. "ఇవి ఏ తల్లి కన్నబిడ్డల ఒంట్లోకి పోతాయో, చల్లగా చూడు తండ్రీ" అని ఒక్క మాట. ఆ తర్వాతే గ్లౌజులు. పంతొమ్మిదేళ్ళుగా ఈ వరస తప్పలేదు.

ఆమె పని వెండిపూత. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ అరిగిపోయినవాళ్ళకి డాక్టర్లు ఆ సందులో బొటనవేలి కణుపంత ప్లాస్టిక్ దిమ్మ పెడతారు. ఒట్టి ప్లాస్టిక్ మీద ఒక్కోసారి క్రిములు కాపురం పెడతాయి. వెండి ఉన్నచోట వాటి ఆటలు అంతగా సాగవు. అందుకని దిమ్మల్ని గాలంతా తోడేసిన పెట్టెలో కొక్కేలకి తగిలించి, వెండిని ఆవిరి చేసి పలచటి పూత పట్టిస్తారు. ఒకటే పేచీ. దిమ్మ మీద రవ్వంత చెమట ఉన్నా అక్కడ వెండి నిలవదు. పట్టినట్టే ఉండి, తర్వాత ఎప్పుడో పొరలా లేచిపోతుంది.

కార్ఖానాలో అందరికీ ఆమె వెండక్క. "ఇన్నేళ్ళు వెండిలో మునిగి తేలావు, ఒక్క గిన్నె అయినా వెనకేసుకోలేదా అక్కా?" అని ప్యాకింగ్ గదివాళ్ళు ఆటపట్టిస్తే, "అంతా జనం నడుముల్లోనే దాచానే, దొంగల భయం లేదు" అనేది.

ఆ ఏడు ఆమె ఆడపడుచు, భర్తకు అక్క, మంచం పట్టింది. మొదటి ఆపరేషన్‌కి చీము పట్టి, పెట్టిన దిమ్మ తీసేయాల్సొచ్చింది. నాలుగు నెలలుగా పక్క మీదే. ఈసారి ఈ కార్ఖానా నుంచే తెప్పించి వెండిపూత దిమ్మ పెడతామన్నారు డాక్టరుగారు. వచ్చే గురువారమే ఆపరేషన్.

ఆ దిమ్మ ఉన్న పళ్ళెం పూతకి వచ్చిన రోజున ఆమె మనసు మనసులో లేదు. కడుక్కుంది, తుడుచుకుంది, గ్లౌజులు వేసుకుంది. నలభై దిమ్మల ముందు నిలబడగానే వదిన మొహం కళ్ళలో మెదిలింది. చేతులు వాటంతటవే లేచి నుదుటికి ఆనాయి. మామూలు కన్నా ఎక్కువసేపే వేడుకుంది. ఆ చేతులతోనే నలభైనీ కొక్కేలకి తగిలించి, పెట్టె మూసి, మీట నొక్కింది.

స్టూలు మీద కూచున్నాక గానీ తోచలేదు, దండం ఎప్పుడు పెట్టాను, గ్లౌజులు ఎప్పుడు వేసుకున్నాను అని. అప్పటికే పెట్టె అద్దంలోంచి దిమ్మలు తెల్లగా మెరుస్తున్నాయి.

సాయంత్రం పరీక్ష చూసే పెద్దాయన పళ్ళెంలోంచి రెండు దిమ్మలు తీసి, జిగురు టేపు అంటించి లాగాడు. వెండి ఊడకుండా టేపు శుభ్రంగా వచ్చింది.

"పాసమ్మా. మీ వదినగారిది కూడా ఇందులోదేగా."

"గ్లౌజులు వేసుకున్నాక దండం పెట్టానండీ. నుదుటి చెమట ఏ దిమ్మకి అంటిందో ఆ పైవాడికే తెలియాలి."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "అన్నీ చూద్దామంటే, టేపు తగిలిన దిమ్మ ఇంక పనికిరాదు. కొత్త సరుకు రావాలంటే మూడు వారాలు. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"ఇంకా ముప్పై ఎనిమిది నడుములండీ ఇవి."

ఆయన పళ్ళేనికి వాడకూడదన్న ఎర్ర చీటీ అంటించాడు. "దండం పెట్టి సరుకు పాడుచేసినవాళ్ళని ఇదే చూడ్డం" అని, తన ఫ్లాస్కులో టీ కప్పులో పోసి ఆమె ముందు పెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

ఇంటికి రాగానే వదిన పడుకున్నచోటి నుంచే పలకరించింది. "ఏమే మరదలా, నా వెండి సామాను తయారా?"

ఆమె మంచం అంచున కూచుని, జరిగింది దాచకుండా చెప్పింది. వదిన మొహం అటు తిప్పుకుంది.

"నాకు ఇంక ఓపిక లేదే. గురువారం మామూలుదే పెట్టేయమంటాను. కావాలంటే పెడతామన్నారుగా డాక్టరుగారు."

"మొదటిదీ మామూలుదే కదా వదినా."

"అయితే ఏం చెయ్యమంటావు? దండాలు నీవి, మంచం నాది."

ఆ మాటకి ఆమె నొచ్చుకోలేదు. అందులో అబద్ధం ఏముంది? దుప్పటి సర్ది, వదిన పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది.

"ఈ ఇంటికి వచ్చాక నిన్ను ఏదీ అడగలేదు వదినా. ఇది అడుగుతున్నాను. ఇంకో మూడు వారాలు ఈ మంచం ఓర్చుకో. రేపు పొద్దున్న డాక్టరుగారికి నువ్వే ఫోన్ చేసి, గురువారం వద్దని చెప్పు."