మొదటి బిస్కట్టు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది, తెలిసినవాళ్ల ముందు నేను చాలా మంచిదాన్ని. అలసిపోయాను, అందుకే చెబుతున్నాను. దీనికి పశ్చాత్తాపమని పెద్ద పేరు పెట్టను.

శంషాబాద్‌లో, విమానాశ్రయానికి దగ్గర్లో, నాకొక చిన్న వ్యాపారం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బెండకాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తెప్పించి, ఏరించి, పెట్టెల్లో సర్ది, చల్లబరిచి గల్ఫ్‌కు విమానంలో పంపుతాం. పని తెలిసినవాళ్లు నా దగ్గర చాలామంది ఉండేవారు. కానీ ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఉండిపోయేది. ఒకరు చేసిన తప్పే వారం తిరక్కుండా ఇంకొకరు చేసేవారు. అది చూసి చూసి విసిగి సోమవారం చాయ్ మొదలుపెట్టాను. పొద్దుటి పని అయ్యాక అందరం ప్యాకింగ్ హాల్లో నిలబడి చాయ్ తాగాలి. ఆ వారం తాను చేసిన తప్పూ, దానివల్ల నేర్చుకున్నదీ ఎవరైనా చెప్పాలి. చెప్పినవాళ్లకే పళ్లెంలోంచి మొదటి ఉస్మానియా బిస్కట్టు. "ఈడ చెప్పిన తప్పు ఎవ్వరి మీదికి రాదు, ఎవ్వరి నౌకరి పోదు. ఇది నా మాట" అన్నాను. అవును, నా మాట అనే అన్నాను.

మొదట్లో చాయ్ తాగడం తప్ప ఏమీ జరగలేదు. అందరూ గ్లాసుల్లోకి చూసేవారు. బిస్కట్లు మెత్తబడిపోయేవి. చివరికి నోరు విప్పింది ఖదీర్ భాయ్. మా కోల్డ్ రూమ్ చూసుకునేది ఆయనే, శంషాబాద్ మనిషే. పెద్ద గొంతు, తనంత పనివాడు లేడని గర్వం. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. ఒకరోజు భోజనానికి పోతూ కోల్డ్ రూమ్ తలుపు సరిగ్గా వేయలేదట. బయటి వేడి తగిలి లోపలి కాయలకు చెమట పట్టిందట. ఎవరికీ తెలియకుండా వాటిని ఆరబెట్టి మళ్లీ సర్దాడట. అప్పటి నుంచి గడియ వేశాక ఇంకోసారి లాగి చూడనిదే కదలనని చెప్పి, బిస్కట్టు అందుకుని చాయ్‌లో ముంచాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో భయం పోయింది. కాయలు ఏరే యాదమ్మ, తడి ఆరని కరివేపాకును కట్టలు కట్టి ఎలా కుళ్లబెట్టిందో చెప్పింది. ఇంకెవరో ఇంకేదో చెప్పారు. కొన్నాళ్లకు సోమవారం కోసం నేనే ఎదురుచూసేదాన్ని.

సంగతి బయటికి పాకింది. వ్యాపారస్తులు కొందరు మా చాయ్ ముచ్చట చూడటానికి వచ్చారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. మండు వేసవి. పనివాళ్లంతా బయట కుర్చీలు వేస్తున్నారు. నేను కోల్డ్ రూమ్ తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా పెట్టె ఒకటి అడ్డం పెట్టి, గుమ్మంలో ఫోటోలు దిగుతూ, మనుషుల్ని నమ్మడం ఎంత గొప్పదో వాళ్లకు చెప్పుకుంటూ పోయాను. ఖదీర్ భాయ్ ఒకటికి రెండుసార్లు వచ్చి తలుపు వైపు చూపించాడు. ఆగమని చేయి ఊపాను. ఆ రోజు వెళ్లాల్సిన బెండకాయంతా లోపలే ఉంది.

గల్ఫ్‌కు చేరేసరికి కాయ నల్లబడి జిగురు కారుతోంది. కొనే వ్యాపారి ఫోన్‌లో అరిచాడు. తప్పు చేసిన మనిషిని తీసేస్తే తప్ప ఇక మీ సరుకు ముట్టనన్నాడు. ఆయన వదిలేస్తే మా వ్యాపారం మూతే. నేనేమన్నానో తెలుసా? మా కోల్డ్ రూమ్ మనిషికి తలుపు వేయకుండా పోయే అలవాటుంది, అందరి ముందూ ఆయనే ఒప్పుకున్నాడు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! ఒకసారి జరిగినదాన్ని అలవాటు చేశాను, అంతే. మిగతాది నేను కల్పించాల్సిన పనే లేదు, ఆయనే చెప్పి ఉంచాడు.

మరునాడు పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాను.

"నేను చెప్పిన మాటనే నా మెడకు సుట్టిండ్రా, మేడం?"

"ఈ గిరాకి పోతే అందరం రోడ్డు మీద పడ్తం ఖదీర్ భాయ్. జర సమజ్ చేసుకో."

"ఆ దినం తలుపు ఎవలు తెరిచిండ్రో మీకెరుకే గద."

"ఎరుకే."

"గట్లనే కానీయుండ్రి ఇగ."

తాళంచెవులు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. బయట ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి నా గుట్టు ఇన్నేళ్లు దాచాడు. ఎందుకు? నా మీద జాలితోనా? చెప్పినా ఎవరూ నమ్మరనా? లేక నోరు తెరిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాడు కాబట్టా? అందరి పొట్ట కోసం ఒకరిని వదులుకున్నానని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో, అన్నిసార్లూ ఒకటే ప్రశ్న అడ్డం వచ్చింది. ఆ ఒకరు నేనెందుకు కాలేదు? తప్పు నాదేనని ఆ వ్యాపారికి చెప్పి, తిట్లు తిని, బతిమాలి ఉండకూడదా? సిగ్గేసింది. అంతకు మించి కారణం లేదు.

తలుపు వేయని అలవాటుకే ఖదీర్ భాయ్‌ని తీసేశానని మిగతావాళ్లకూ చెప్పాను. సోమవారం చాయ్ మాత్రం ఆగలేదు. ఇప్పటికీ తప్పులు చెబుతారు. ఆరాంఘర్ కాడ ట్రాఫిక్‌ల లేటయింది అంటారు. ప్యాకింగ్ టోపీ ఇంట్ల మర్చిపోయిన అంటారు. అట్లాంటివే. కోల్డ్ రూమ్ తలుపు రబ్బరు చినిగిన సంగతి సరుకు పాడయ్యాకే నాకు తెలుస్తుంది, వాళ్లందరికీ ముందే తెలుసు. ఎలా కోప్పడను? నేను నేర్పిన పాఠమే కదా.

మరోపక్క హోటళ్లలో సభలకు నన్ను పిలుస్తారు. పనిచేసేవాళ్లు తమకు తెలిసింది నలుగురితో పంచుకోవాలంటే యజమాని ఏం చేయాలో చెప్పమంటారు. భయం పోగొట్టండి, ఓపిగ్గా వినండి అంటాను. అన్నీ శ్రీరంగనీతులే. చప్పట్లు కొడతారు. మొన్న ఒకామె లేచి, "మీ వాళ్ల ముందు మీరు ఒప్పుకున్న తప్పేంటి మేడం?" అంది. తేలు కుట్టిన దొంగలా వేదిక దిగాను. ఇన్ని సోమవారాల్లో మొదటి బిస్కట్టు నేను ఒక్కసారీ తీసుకోలేదు. దాన్ని పెద్దరికమనుకున్నాను.

సభ నుంచి నేరుగా బుద్వేల్ వెళ్లాను. ఖదీర్ భాయ్ ఇప్పుడు అక్కడ ఐస్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. గడ్డం నెరిసింది. నేను చెప్పిందంతా నిలబడే విన్నాడు. పోనీలే అనలేదు, తిట్టనూ లేదు. "నాకెరుకైన ముచ్చట నాకే చెప్తరేంది మేడం? ఎరుక లేనోళ్లకు చెప్పుండ్రి" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఈ సోమవారం చెప్పాను. ఆ రోజు తలుపు తెరిచి పెట్టింది నేను, నింద ఖదీర్ భాయ్ మీద వేసింది నేను. చెబుతుండగా విమానమొకటి తల మీదుగా దిగింది. ఆ చప్పుడు పోయేదాకా ఆగి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను. పళ్లెం యాదమ్మ చేతిలో ఉంది. రివాజు ప్రకారం ముందు నాకే రావాలి. ఆమె నా వంక చూసింది. పళ్లెం నన్ను దాటించి పక్కవాళ్లకు అందించింది.

నేను ఉత్త చాయ్ తాగాను. అప్పటికే చల్లారిపోయింది. అయినా గొంతు దిగింది.